వట్టి గుడ్లు

ఆదివారం వట్లూరు కాలేజీలో మనుషులుండరు, ఈగలుంటాయి.

జువాలజీ ల్యాబు వెనకాల, ఒకప్పుడు స్పిరిట్ సీసాల్లో పాముల్నీ తేళ్ళనీ దాచిపెట్టే గది ఉండేది. నాలుగేళ్ళ కిందట శ్రీకర్ సారు ప్రిన్సిపాల్ని బతిమాలి దాన్ని పుచ్చుకున్నాడు. వెల్ల వేయించి, ఏసీ బిగించి, మగ్గిన అరటిపండు మీద ముసిరే చిట్టి ఈగలకి అందులో కాపురం పెట్టించాడు. ఊరంతా చెమటలు కక్కుతున్నా అక్కడ ఎప్పుడూ ఇరవై అయిదు డిగ్రీలే. బొంబాయి రవ్వా బెల్లమూ ఈస్టూ వేసి వాటికి జావ కాచిపెట్టడానికి క్యాథరిన్ అనే అటెండరు కూడా ఉంది. "మన స్టాఫ్ రూములో ఫ్యాను తిరగదు గానీ, ఈగలకి ఏసీ అండీ" అని కామర్సు లెక్చరర్లు వేళాకోళం ఆడేవారు. శ్రీకర్ నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఈగలతో తను చేసే పని నలుగురిలో చెప్పుకోవాలంటే అతనికి మొహమాటం. అతనిది తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు కుటుంబం. పెళ్ళిళ్ళలో బంధువులెవరైనా "దేని మీద బాబూ రీసెర్చి?" అంటే "జెనెటిక్సండీ" అని తప్పించుకునేవాడు. అసలు సంగతి ఇదీ. మగ ఈగ ఆడ ఈగతో కలిసినప్పుడు బీజం ఒక్కటే ఇవ్వదు. పక్క గ్రంథుల్లో ఊరిన ద్రవం కూడా ఇస్తుంది. అందులో ఉన్న ఒక చిన్న ప్రోటీను ఆడదాని ఒంట్లోకి పోయి పెత్తనం మొదలుపెడుతుంది. ఎక్కువ తినమంటుంది. నిద్ర తగ్గించుకోమంటుంది. గుడ్లు పెట్టమంటుంది. ఇంకో మగది దగ్గరికొస్తే కాలితో తన్నమంటుంది. నిన్నటిదాకా తన ఇష్టాన తిరిగిన ఆడ ఈగ ఒక్క పూటలో ఇల్లాలైపోతుంది.

ఇందులో ఒక తిరకాసుంది. కొన్ని మగ ఈగలు, తల్లి వైపు నుంచి వచ్చిన లోపం వల్ల, బీజం లేకుండానే పుడతాయి. పైకి ఏ తేడా ఉండదు. అవే ఎర్రటి కళ్ళు, అదే రెక్క చాపి పాడటం, అదే హడావుడి. ద్రవమూ ఉంటుంది. కాబట్టి ఆడ ఈగకి కబురు అందిపోతుంది. ఒక రోజు పాటు అది కడుపు పండినదానిలాగే తింటుంది, మేలుకుంటుంది, మగవాటిని తంతుంది, వరసగా గుడ్లు పెడుతుంది. అవి వట్టి గుడ్లు. ఒక్కటీ పగలదు.

శ్రీకర్ నాలుగేళ్ళుగా లెక్కపెడుతున్నది వాటినే. పని మొదలుపెట్టిన నాడు అతనికి తన సంగతి తెలియదు.

తెలిసింది పద్నాలుగు నెలల కిందట. పెళ్ళయి అప్పటికి అయిదేళ్ళు. పిల్లల కోసం ఏలూరులో ఒక డాక్టరమ్మగారికి చూపించుకుంటే, ముందు మీవారి రిపోర్టు తీసుకురమ్మంది. ఏలూరులో ఏ పరీక్షల ల్యాబుకి వెళ్ళినా అద్దం వెనకాల కూచునేది శ్రీకర్ దగ్గర చదువుకున్న పిల్లలే. "నమస్తే సార్" అంటూ లేచి నిలబడి మరీ డబ్బా చేతికిస్తారు. అందుకని ఇంట్లో కూడా చెప్పకుండా తణుకు బస్సెక్కాడు. రిపోర్టు ఫోనుకి వచ్చింది. బీజకణాల సంఖ్య అన్న చోట సున్నా. పది రోజులాగి మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ సున్నా.

ఆ సాయంత్రం ఈగల గదిలో లాప్‌టాప్ ముందు కూచుని, సున్నా తీసేసి నలభై ఎనిమిది అని కొట్టాడు. మిలియన్లలో. ఏ అంకె వేస్తే డాక్టర్లు మళ్ళీ అడగరో జువాలజీ సారుకి తెలుసు. నాలుగేళ్ళలో ఒక్క గుడ్డు ఎక్కువా తక్కువా రాయని మనిషి. చేయి జారి గుడ్ల ప్లేటు పగిలితే "నా అజాగ్రత్త వల్ల పగిలింది" అని పుస్తకంలో రాసుకున్న మనిషి. జన్మలో వేసిన దొంగ అంకె అదొక్కటే.

డాక్టరమ్మ దాన్ని చూసి, "సారుకి ఏ ఇబ్బందీ లేదమ్మా" అని అతని భార్య ఇందుజ పేరున ఫైలు తెరిచింది. తెరిచింది తెరిచినట్టే ఉంది. నెలకో రకం మాత్రలు, బొడ్డు పక్కన సూదులు, నెలసరి మూడో రోజు రక్తపరీక్షలు, ట్యూబుల్లోకి రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రే రోజు బాధకి ఇందుజ మొగుడి మణికట్టు పట్టుకుంటే నాలుగు గోళ్ళూ దిగాయి. "సారీ అండీ" అంది. ఆ మాట అతను ఇప్పటికీ మింగలేకపోతున్నాడు.

మాత్రలకి ఆమెకి ఒళ్ళు వచ్చింది. ఆకలి ఎక్కువైంది. తెల్లవారుజామున మెలకువ వచ్చేసి వంటింట్లో ఒక్కర్తీ కూచునేది. అతను పక్క మీద కళ్ళు తెరుచుకునే పడుకుని ఆ గిన్నెల చప్పుడు వినేవాడు. లేచి వెళ్ళేవాడు కాదు. వెళితే ఏదో ఒకటి మాట్లాడాలి.

అతని తల్లి సుందరమ్మగారు వాళ్ళ దగ్గరే ఉంటుంది. చెడ్డ మనిషి కాదు, నోరు ఆగని మనిషి. మొన్న పక్కవాటాలో సీమంతమైతే, వరసలో నిలబడ్డ ఇందుజ చేతిలోంచి గాజులు తీసుకుని, "నువ్వు తరవాత తొడుగుదువుగానిలే అమ్మా, పిల్లల తల్లుల్ని కానియ్యి" అంది. తరవాత ఆ తల్లులకే, ఏదో డిగ్రీ మార్కులు చెప్పినట్టు, "మావాడికేం లోటు లేదుట, నలభై ఎనిమిది ఉందిట" అని చెప్పింది. హాల్లో పెద్దవాళ్ళ మధ్య కూచున్న శ్రీకర్ ఆ మాట విన్నాడు. ఇందుజ పులిహోర వడ్డించే వంకన లోపలికి వెళ్ళడం కూడా చూశాడు.

ఇప్పుడు ఆపరేషన్ దాకా వచ్చింది. మంగళవారం. మత్తిచ్చి, బొడ్డు కింద కోసి, కెమెరా పెట్టి చూస్తారట. లోపల ఏ తేడా ఉండదని భూమ్మీద తెలిసిన మనిషి ఒక్కడే. చెప్పడానికి అతనికి రెండు రోజులు మిగిలాయి.

చెబుదామని నోరు తెరవకపోలేదు. శుక్రవారం ఉండిలో మావగారింట్లో భోజనానికని ఇద్దరూ బండి మీద కైకలూరు రోడ్డున వెళ్ళారు. కొల్లేరులో నీళ్ళు నిండుగా ఉన్నాయి. వంతెన దగ్గర బండి ఆపాడు. "ఇందూ" అన్నాడు. "ఆఁ" అంటూ ఆమె హెల్మెట్ తీసి, గాలికి ముఖం పెట్టి, ఎన్నాళ్ళకో చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి, "గూడబాతులు బాగా దిగాయి ఈ ఏడు" అన్నాడు. "అవునండీ" అంది. అయిపోయింది.

ఆదివారం క్యాథరిన్ తన అన్న కూతురి పెళ్ళని దెందులూరు వెళ్ళింది. ఈగలకి పెళ్ళిళ్ళతో పని లేదు. శనివారం పెట్టిన గుడ్లని ఆదివారం సాయంత్రంలోగా లెక్కపెట్టాలి, లేకపోతే వారం పని బూడిదలో పోసినట్టే. శ్రీకర్ తనే లెక్కపెట్టకూడదు. అతని గైడు నాగభూషణరావుగారి పట్టుదల అది. ఏ ప్లేటు ఏ మగదానిదో తెలిసినవాడి కన్ను తెలియకుండానే దొంగలెక్క చూస్తుందంటారాయన. తెలియనివాళ్ళే చూడాలి.

"నేనొస్తానండీ" అంది ఇందుజ. "మంగళవారం దాకా ఇంట్లో కూచుంటే పిచ్చెక్కేలా ఉంది."

ఆమె ఎరువుల కొట్టు పిల్ల. తూకాల మధ్య పెరిగింది. బియ్యంలో రాయి దొరకబుచ్చుకున్నట్టు పది నిమిషాల్లో పని పట్టేసింది. మైక్రోస్కోపు కింద నల్లద్రాక్ష రసం కలిపిన జెల్లీ, దాని మీద తెల్లటి గుడ్లు. పగిలినవి చిరిగిన పొట్టులా పల్చగా కనిపిస్తాయి. పగలనివి నిండుగా, తెల్లగా. ఎడమచేతి కౌంటరు టిక్కుటిక్కుమని నొక్కుతూ, కుడిచేత్తో కాగితం మీద రెండు గడుల్లో రాసుకుంటూ పోయింది. పెట్టినవి ఎన్ని, పగిలినవి ఎన్ని.

"నువ్వుగింజలో నాలుగోవంతు ఉండవండీ. పైగా ఒక్కోదానికి రెండేసి మీసాలు."

"అవి గాలి పీల్చుకోవడానికి."

"దీనిలో యాభై ఎనిమిది పెడితే యాభై నాలుగు పగిలాయి. గట్టిది."

మూడో ప్లేటు దగ్గర కౌంటరు చప్పుడు ఆగింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది.

"ఏవండీ, ఇది నేనేదో తప్పు చూస్తున్నాను. అరవై ఒకటి పెట్టింది. పగిలినవి అసలు కనబడట్లేదు."

"తప్పు కాదులే. అలాంటివి ఉంటాయి. సున్నా వెయ్యి."

ఆమె సున్నా వేసింది. అతను కిటికీ వైపు తిరిగాడు. బయట ఖాళీ గ్రౌండులో ఎవరిదో గేదె ఎండలో నిలబడి ఉంది. అయిదో ప్లేటూ సున్నాయే. ఆరో ప్లేటూ సున్నాయే. ఏడోదానిలో పగిలాయి. ఎనిమిదోది మళ్ళీ సున్నా. ఇందుజ కళ్ళు నులుముకుని, ఎనిమిదో ప్లేటు తాలూకు ఆడ ఈగ ఉన్న సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. అది మేత మీద కూచుని ఆబగా తింటోంది.

"ఇలా ఎక్కువ తింటుందన్నారు కదూ? నిద్ర కూడా పోదన్నారు."

"ఊఁ."

"పాపమండీ. ఒళ్ళు హూనం చేసుకుని అరవైకి పైగా పెట్టింది. ఒక్కదానికి ప్రాణం లేదు." సీసాని జాగ్రత్తగా కింద పెట్టింది. "ఇది నాలాంటిదే. గొడ్డుది."

ఆ మాట ఆమె ఏడుస్తూ అనలేదు. కూర తరుగుతూ అన్నంత మామూలుగా అంది. శ్రీకర్‌ కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగాడు.

"కాదు" అన్నాడు.

"ఏం కాదండీ?"

"దానిలో ఏ లోపమూ లేదు. మంచి ఆడ ఈగ అది. ఇంకో మగదాంతో ఉంటే ఈపాటికి సీసా నిండా పిల్లలుండేవి. లోపం మగదానిది. దాంట్లో బీజం లేదు. ద్రవం మాత్రమే ఉంది. అది చెప్పిన మాట నమ్మి ఇది గుడ్లు పెడుతోంది."

ఇందుజ సీసా వంక చూసింది. "మరి దీనికి తెలీదా అండీ, మోసమని?"

"తెలీదు. తెలిసే దారి లేదు."

"మగదానికో?"

ఈగకి తెలియడం, తెలియకపోవడం ఉండదని చెప్పొచ్చు. క్లాసులో అయితే అదే చెబుతాడు. నోటి చివరిదాకా వచ్చింది కూడా. ఏసీ గుర్రుమంటోంది. ఆమె మైక్రోస్కోపు మీద నుంచి తలెత్తి జవాబు కోసం చూస్తోంది. ఆ చూపులో అనుమానం లేదు. అదే అతన్ని పడేసింది.

"నాకు తెలుసు ఇందూ" అన్నాడు. "నా రిపోర్టు సున్నా. నలభై ఎనిమిది నేను వేసుకున్నది."

కౌంటరు మీద ఆమె వేలు అలాగే ఉంది.

"ఎప్పుడు తెలుసు?"

"మొదట్లోనే. డాక్టరమ్మ అడిగినప్పుడే."

"రంగుమందు ఎక్స్‌రేకి ముందా, తరవాతా?"

"ముందు."

"దానికి మందు లేదన్నారా?"

"అడగలేదు."

"అడగలేదా!" అంది ఇందుజ. మొదటిసారి గొంతు పెరిగింది. "పద్నాలుగు నెలలండీ. ఉందో లేదో అయినా అడగలేదా?"

"అడిగితే నిజమైపోతుందని..."

"ఇంకెన్ని ప్లేట్లున్నాయి?" అని అడిగింది.

"నాలుగు. వదిలెయ్యి ఇందూ."

"సగం లెక్క పనికిరాదన్నారు మీరే."

ముఖం మైక్రోస్కోపు మీదికి వంచింది. టిక్కు, టిక్కు, టిక్కు. నాలుగు ప్లేట్లకి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా అతను స్టూలు మీద కూచుని ఆ చప్పుడు విన్నాడు. తిట్టినా బాగుండేది. మధ్యలో ఒకసారి ఆమె కళ్ళద్దాలు తీసి పైటకొంగుతో తుడుచుకుంది. కళ్ళు తుడుచుకోలేదు. కాగితం కింద తేదీ వేసి, లెక్కపెట్టినవారు అన్న చోట పేరు రాసి, సంతకం పెట్టి అతని ముందుకి జరిపింది. ఒక్క కొట్టివేత లేదు.

అప్పుడు ఫోను తీసి, నంబరు కలిపి, మోగుతుండగానే అతని చేతిలో పెట్టింది. "హాస్పిటలు. మీరు చెప్పండి."

అవతల ఎవరో ఆడపిల్ల. ఇందుజగారి ఆపరేషన్ వద్దని చెప్పాడు.

"కారణం ఏం రాయమంటారండీ? జ్వరమా?"

"కాదండీ. ఆవిడకి ఆపరేషన్ అక్కర్లేదు. లోపం నాలో ఉంది."

"ఫైల్లో మీది నార్మల్ అని ఉందండీ."

"అది నేను మార్చిన కాగితమండీ."

ఆ పిల్ల గొంతు తగ్గించి అడిగింది. "మీరు... జువాలజీ శ్రీకర్ సారా అండీ? నేను మేఘననండీ. మూడో బెంచీలో కూచునేదాన్ని."

"అవునమ్మా" అన్నాడు. "డాక్టరమ్మగారికి కూడా ఇదే చెప్పమ్మా. నేను రేపు వచ్చి కలుస్తాను."

"మీ పేరు మీద కొత్త ఫైలు తెరవాలండీ అయితే" అంది ఆ పిల్ల, ఏమనాలో తోచక.

"తెరువమ్మా."

ఫోను తిరిగిచ్చేసరికి ఇందుజ సంచీ భుజానికి తగిలించుకుని నిలబడి ఉంది. ఉండిలో పుట్టింటికి వెళ్తానంది. బస్టాండు దాకా దింపుతానన్నాడు. అక్కర్లేదంది. గుమ్మం దగ్గర ఆగింది.

"పిల్లలు పుట్టరని తెలిస్తే ఇద్దరం ఏడిచేవాళ్ళం కదండీ" అంది. "నన్నొక్కదాన్నే ఏడవనిచ్చారు. పక్కనే పడుకుని."

తనూ ఒక్కడే ఏడ్చాననడానికి అతనికి సిగ్గేసింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"తెలీదండీ. అత్తయ్యగారికి మీరే చెప్పండి. నా నోటితో చెబితే నింద వేసినట్టుంటుంది."

మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు, తరవాత గేటు దగ్గర ఆటో చప్పుడు. కైకలూరు మీదుగా ఉండికి వెళ్ళే బస్సు నాలుగున్నరకి ఉంది. కిటికీ పక్క సీటు దొరికితే కొల్లేరు పొడుగునా ఒక్కర్తే నీళ్ళకేసి చూస్తూ వెళ్తుంది. అతను గదిలో సీసాలన్నీ ఒకసారి సర్దాడు. అవి సర్దే ఉన్నాయి. రాసిన కాగితాన్ని ఫైల్లో పెట్టాడు. చేయడానికి ఇంకేమీ లేక తాళం వేశాడు.

ఇంటికెళ్ళేసరికి సుందరమ్మగారు వరండాలో చేటలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, పక్కన పీట మీద ఫోను పెట్టుకుని స్పీకర్లో మాట్లాడుతోంది. అవతల ఆమె చెల్లెలు దుర్గాదేవి. తాడేపల్లిగూడెంలో ఉంటుంది. ఆవిడకి నాలుగింటికి చేరిన కబురు ఆరింటికల్లా ఉల్లిపాయల మార్కెట్టు దాటుతుందని చుట్టాలంతా అంటారు.

"ఏరా, కోడలేది?"

"ఉండికి వెళ్ళిందమ్మా."

"ఎల్లుండి ఆపరేషన్ పెట్టుకుని ఇప్పుడు పుట్టింటికేమిట్రా? విన్నావటే దుర్గా? చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయిందిట. ఏదో ఒక లోపమంటే సర్దుకుంటాం గానీ, ఈ తిక్కలు కూడానా..."

ఫోను పెట్టేసేదాకా ఆగొచ్చు. తల్లిని లోపలికి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, చెవిలో చెప్పొచ్చు. ఆవిడ తల బాదుకుని, ఎవరికీ చెప్పకు నాయనా అంటుంది. తనూ సరేనంటాడు. ఊళ్ళో ఇందుజ గొడ్డుదిగానే మిగిలిపోతుంది. శ్రీకర్ చెప్పులు కూడా విప్పలేదు.

"అమ్మా, ఇందుజలో ఏ లోపమూ లేదు. లోపం నాది. నాకు పిల్లలు పుట్టరు. రిపోర్టులో అంకె నేనే మార్చాను."

సుందరమ్మగారి చేతిలో చిక్కుడుకాయ సగం ఈనెతో ఆగిపోయింది. ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడకి మాట రాకపోవడం అదే మొదలు.

"ఏమన్నాడే వాడు?" అంది ఫోను. "అక్కా? ఏమిటి మార్చాడుట? అక్కా, ఉన్నావా?"

సుందరమ్మగారు తడబడుతూ ఫోను కట్టేయబోయింది. శ్రీకర్ ముందే వంగి పీట మీది ఫోను అందుకున్నాడు. రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"పిన్నీ, నేను శ్రీకర్ని. వినండి" అని, క్లాసులో వెనక బెంచీకి వినపడేలా చెప్పినట్టు, మొదటినుంచి, నెమ్మదిగా, మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.